హేమావతికి అతిథులుగా వెళదాం

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మనం యాత్రకు బయలుదేరామంటే ఆ హడావిడి మీకు నేను చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున లేచి పులిహోర కలపడం, పిల్లల బట్టలు సర్దడం, పాలవాడికీ పనిమనిషికీ చెప్పుకోవడం, తీరా గుడికి చేరాక కొబ్బరికాయ కొట్టి, హారతి కళ్ళకద్దుకుని, ప్రసాదం కొంగున ముడివేసుకుని మళ్ళీ బస్సెక్కడం. ఏం చూసొచ్చారమ్మా అని ఎవరైనా అడిగితే, దర్శనం బాగా జరిగింది అంటాం. అది చాలదని నేననను. కానీ కొన్ని చోట్లున్నాయి, అక్కడ దర్శనం ఒక్కటే చేసుకుని వచ్చేస్తే సగం చూసినట్టే. సంసారం వదులుకున్నవాళ్ళు పదిమంది చేరి ఒక ఇల్లు నడిపిన చోట్లవి. మఠమంటే అదే కదా! అందులో వంట ఉంటుంది, వేళకు భోజనాలుంటాయి, చదువుంటుంది, వచ్చేపోయేవాళ్ళుంటారు, దస్త్రాలూ జమాఖర్చులూ ఉంటాయి. ఇల్లు నడపడమంటే ఏమిటో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అందుకే పాత మఠాల సంగతి ఆడవాళ్ళం మనమే బాగా అర్థం చేసుకోగలమని నాకనిపిస్తుంది. ఈ వేళ అలాంటి ఒక చోటుకి మిమ్మల్ని తీసుకువెళతాను.

హిందూపురం నుంచి మడకశిర మీదుగా అమరాపురం వెళ్ళే దారి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. పూర్వం అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. మూడు పక్కలా కర్ణాటక చుట్టుకుని ఉన్న మూల. అక్కడివాళ్ళు తెలుగూ కన్నడమూ రెండూ ఒకే ఊపిరిలో మాట్లాడేస్తారు. రాయలసీమ అనగానే రాళ్ళూ గుట్టలూ మాత్రమే అనుకునేవాళ్ళు అమరాపురం వైపు వక్కతోటలు చూస్తే ఆశ్చర్యపోతారు. ఈ అమరాపురం మండలంలోనే ఉంది హేమావతి. ఇవాళ చూడబోతే మామూలు పల్లె. కానీ వెయ్యేళ్ళ కిందట దీని పేరు హెంజేరు, పెంజేరు అని కూడా రాశారు. నొళంబ పల్లవులనే రాజులకు ఇది రాజధాని. ఇటు అనంతపురం నుంచి అటు తుముకూరు, చిత్రదుర్గం, కోలారు దాకా నొళంబవాడి ముప్పైరెండు వేలు అని పేరుపడ్డ సీమను వాళ్ళు ఏలారు.

ఊళ్ళో గుళ్ళు పక్కపక్కనే ఉంటాయి. దొడ్డేశ్వరాలయం, సిద్ధేశ్వరాలయం, ఇంకా విరూపాక్ష, మల్లేశ్వరాలయాలు. కన్నడంలో దొడ్డ అంటే పెద్ద. పేరుకు తగ్గట్టే దొడ్డేశ్వరుడు పెద్ద లింగం. ఆయన ఎదుట నంది, గంటలూ గొలుసులూ వేసుకుని తృప్తిగా పడుకుని ఉంటుంది. ఆ గుడి గోడలకున్న రాతి కిటికీల దగ్గర మాత్రం తప్పకుండా కాసేపు నిలబడండి. రాతిని తొలిచి తీగ అల్లారు. ఆ తీగ చుట్టలు చుట్టలుగా తిరుగుతూ పోతుంటే, చుట్టల నడుమ చిన్న చిన్న బొమ్మలు. లోపలికి వెలుగు అందులోంచే పడుతుంది. మనం చక్కని లేసు అల్లుకుని గుమ్మానికి కట్టుకుంటే ఎంత మురిసిపోతాం! అది రాతిలో చేశారు మహానుభావులు. సిద్ధేశ్వరాలయంలో శివుడు లింగరూపంలో కాక మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు. మన శివాలయాల్లో గర్భగుడిలో ఇలా కనిపించడం చాలా అరుదు. ఒక గురువు పాఠం చెప్పబోతూ కూర్చున్నట్టే ఉంటాడు.

గురువన్నాను కదూ, అసలు సంగతి అక్కడే ఉంది. ఈ హేమావతిలో క్రీస్తు శకం 943 నాటి శాసనం ఒకటి దొరికింది. శైవుల్లో పాశుపత మతానికి మూలపురుషుడు లకులీశుడు. చేతిలో కర్ర పట్టుకుని ఉండే ఆ ఆచార్యుడు ఎక్కడో గుజరాతు దేశంవాడు. తన పేరూ తన సిద్ధాంతమూ లోకం ఎక్కడ మరచిపోతుందోనని దిగులుపడి, ఆ లకులీశుడే చిల్లుకుడనే మునినాథుడుగా మళ్ళీ పుట్టాడని ఆ శాసనం చెబుతుంది. చూశారా, ఎంత మానవమైన దిగులో! ఎక్కడి గుజరాతు, ఎక్కడి హెంజేరు! గురువు పోయినా చెప్పిన మాట పోకూడదని వందల ఏళ్ళు శిష్యులు శిష్యులకు చెప్పుకుంటూ వచ్చారన్నమాట. అంటే ఇది రాజు కొలువున్న ఊరే కాదు, మునులు కొలువున్న ఊరు కూడా. మఠం గోడలు ఇవాళ మనకు కనపడవు. గుళ్ళు నిలిచాయి. వాటి మధ్య నడిచిన వాళ్ళను మనమే ఊహించుకోవాలి.

వాళ్ళేం చేసేవారు అంటారా? నొళంబుల సీమలోనే కోలారు జిల్లా ముళబాగిలు దగ్గర ఆవని అని ఉంది. అక్కడి మఠానికి త్రిభువనకర్తదేవుడని ఒక సన్యాసి నలభై ఏళ్ళు పెద్దగా ఉన్నాడు. 961లో కాలం చేశాడు. ఆయన యాభై గుళ్ళూ, రెండు పెద్ద చెరువులూ కట్టించాడని శాసనం. ఆ ఆవనిలోనే నొళంబ రాణి దీవబ్బరసి నొళంబ నారాయణేశ్వరాలయం కట్టించింది. సన్యాసికి చెరువుతో ఏం పని అని మనకు తోచవచ్చు. నీళ్ళు లేని సీమలో చెరువు తవ్వించడం కంటే పెద్ద తపస్సు ఇంకేముంది చెప్పండి?

లకులీశుని శాఖలోనే కాలాముఖులని ఒక తెగ. వారిని గురించి పరమతాల గ్రంథాల్లో భయంకరమైన మాటలు రాసి ఉన్నాయి. కానీ శాసనాలు చదివితే వేరే మనుషులు కనిపిస్తారు. కర్ణాటకలో శిమొగ్గ జిల్లా బళ్ళిగావిలో వారి కోడియ మఠం ఉండేది. 1162 నాటి శాసనం దాన్ని వర్ణించింది. అక్కడ వేదాలూ వ్యాకరణమూ శాస్త్రాలూ చదువుకునేవారు. అంతటితో ఆగలేదు. దిక్కులేనివాళ్ళకూ, కుంటివాళ్ళకూ, గుడ్డివాళ్ళకూ, పాటలు పాడుకునేవాళ్ళకూ, కథలు చెప్పుకు బతికేవాళ్ళకూ అక్కడ అన్నం పెట్టేవారు. రోగులను చేర్చుకుని వైద్యం చేసేవారు. ఈ జాబితా వింటుంటే నాకు పండితుల మఠం కంటే ఒక పెద్ద ఉమ్మడి కుటుంబపు వంటిల్లు కళ్ళ ముందు మెదిలింది.

మన తెలుగుదేశంలో ఇంతకంటే గొప్ప సాక్ష్యం ఉంది. గుంటూరు జిల్లా మల్కాపురంలో 1261 నాటి శిలాశాసనం. కాకతి రుద్రమదేవి కాలం. ఆమె తండ్రి గణపతిదేవుడి గురువు విశ్వేశ్వర శివాచార్యుడు గోళకీ మఠం ఆచార్యుడు. ఆయనకు మందడం గ్రామం, దానితోపాటు వెలగపూడి దానంగా వచ్చాయి. అవును, మనమీమధ్య రోజూ వార్తల్లో వింటున్న ఆ మందడం, ఆ వెలగపూడే! ఆయన ఆ ఆదాయంతో గుడీ మఠమూ నడిపి, పాఠాలు చెప్పించి, కొంత భాగాన్ని మళ్ళీ మూడు వాటాలు వేశాడు. ఒక వాటా ప్రసూతిశాలకు. ఒక వాటా ఆరోగ్యశాలకు. ఒక వాటా సత్రానికి. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు వచ్చినవారెవరికీ అన్నం లేదనకూడదని కట్టడి.

ప్రసూతిశాల అన్నమాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. పెళ్ళీ పిల్లలూ వద్దనుకున్న సన్యాసుల మఠం. సింహాసనం మీద ఆడది. ఆ ఆదాయంలో ఒక వాటా, కాన్పుకు వచ్చే ఆడదానికి. దాదాపు ఏడువందల అరవై ఏళ్ళ కిందటి మాట. ఆ వేళ ఆ గదిలో పురుడు పోసుకున్న తల్లులెవరో మనకు తెలియదు. కానీ లోకం వదిలేసినవాళ్ళు లోకంలో ఎక్కువ కష్టపడేదెవరో మరిచిపోలేదని ఆ రాయి మాత్రం చెబుతోంది.

సరే, మళ్ళీ అమరాపురం వద్దాం. ఇక్కడ శైవులే కాదు, జైనులూ ఉండేవారు. 1278 నాటి అమరాపురం శాసనంలో ఇరుంగోళుడనే చోళ సామంతుని కాలాన, మల్లిసెట్టి అనే భక్తుడు తైలంగెరెలోని బ్రహ్మ జినాలయానికి తమ్మడహళ్ళిలో రెండువేల వక్కచెట్లు దానం చేశాడు. ఆయన బాలేందు మలధారి అనే జైన ముని శిష్యుడు. ఆ వక్కల మీద వచ్చే డబ్బుతో పార్శ్వదేవుని బసదిని పునాది నుంచి శిఖరం దాకా రాతితో కట్టాలని ఏర్పాటు. బంగారం ఇచ్చినా, భూమి ఇచ్చినా ఒక ఎత్తు. కాయించే చెట్లు ఇవ్వడంలో ఎంత ముందుచూపుందో చూడండి! మనం కూతురికి పాడిఆవును ఇచ్చి పంపినట్టు లేదూ? ఈ సంగతి తెలిసి ఆ దారిన వెళితే వక్కతోటలు మామూలు తోటల్లా కనిపించవు. పక్కనే పెనుకొండ కూడా జైనులకు పేరున్న విద్యాస్థానమే.

ఈ మఠాల నడవడి మన దేశానికి మాత్రమే సొంతమని అనుకోవద్దు. ఇటలీ దేశంలో బెనెడిక్టు అనే సాధువు ఆరో శతాబ్దంలో తన మఠవాసుల కోసం ఒక నియమావళి రాశాడు. అందులో 73 అధ్యాయాలు. ఎప్పుడు లేవాలి, ఎప్పుడు ప్రార్థించాలి, ఎవరు వంట చెయ్యాలి, ముసలివాళ్ళకూ పిల్లలకూ తిండి విషయంలో ఎంత సడలింపు ఇవ్వాలి, అన్నీ ఉన్నాయి. వంటా వడ్డనా అందరూ వారం వారం వంతులవారీగా చెయ్యాలి. ఇది మన ఇళ్ళలో మగవారికి కూడా చదివి వినిపించవలసిన అధ్యాయమే! యాభైమూడో అధ్యాయం అతిథులది. వచ్చినవారిని సాక్షాత్తూ క్రీస్తే వచ్చాడనుకుని ఆదరించాలంటాడు, అందులోనూ పేదవాళ్ళను, బాటసారులను మరీనూ. అతిథిని దేవుడనుకోవడం మనకేం కొత్త కాదు గదా.

ఆయనకు స్కొలాస్తికా అని ఒక చెల్లెలుండేది. ఆమె కూడా సన్యాసినే. అన్నాచెల్లెళ్ళు ఏడాదికొక్కసారి కలుసుకునేవారట. ఒకసారి పొద్దుపోయింది, ఇంకాసేపు కూర్చుని మాట్లాడదామని చెల్లెలంది. నియమం ప్రకారం రాత్రికి మఠం బయట ఉండకూడదని అన్న లేచాడు. ఆమె తల వంచి దేవుణ్ణి వేడుకుంది. ఉరుములూ మెరుపులూ, కుండపోత వాన! అన్న కదలలేకపోయాడు. తెల్లవార్లూ మాట్లాడుకున్నారు. మూడు రోజులకు ఆ చెల్లెలు కన్నుమూసింది. నియమం గొప్పదే, కానీ ఆ రాత్రి దేవుడు చెల్లెలి పక్షాన ఉన్నాడని ఆ మఠాలవాళ్ళే పధ్నాలుగు వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నారు.

బెనెడిక్టు మఠం మాంటే కాసినో కొండమీద ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఫిబ్రవరి 15న మిత్రరాజ్యాల విమానాలు బాంబులు వేసి దాన్ని నేలమట్టం చేశాయి. ఆ కొండ కింద జరిగిన పోరులో మన భారత సైనికులు కూడా ఎందరో ప్రాణాలిచ్చారు. కాసినో సైనిక శ్మశానంలో వారి గుర్తులున్నాయి. యుద్ధం అయ్యాక మఠాన్ని పాత నమూనాలోనే తిరిగి కట్టుకున్నారు, 1964లో మళ్ళీ ప్రతిష్ఠ జరిగింది. అంత దూరం మనం వెళ్ళలేకపోయినా, ఆ సంప్రదాయపు మఠం ఒకటి మన హిందూపురంవాళ్ళకు దగ్గరలోనే ఉంది. బెంగుళూరు శివారున కెంగేరి దగ్గర 1957లో వెలసిన ఆశీర్వనం. అంటే వెయ్యేళ్ళనాటి మునుల ఊరూ, ఇవాళ నడుస్తున్న మఠమూ రెండూ మనకు అందుబాటులోనే ఉన్నాయి.

మాంటే కాసినో తిరిగి లేచింది. హేమావతి సంగతి? పదో శతాబ్దంలో గంగరాజు మారసింహుడు నొళంబులను ఓడించి నొళంబకులాంతకుడని బిరుదు పెట్టుకున్నాడు. పదకొండో శతాబ్దంలో చోళులు వచ్చారు. నొళంబుల శిల్పస్తంభాలు తమిళదేశం చేరి తిరువయ్యారు పంచనదీశ్వరాలయంలో ఉన్నాయని శివరామమూర్తిగారి వంటి పండితులు గుర్తించారు. త్యాగరాజస్వామి ఆరాధనకని తిరువయ్యారు వెళ్ళే మన ఆడవాళ్ళు ఎందరో! ఆ గుడి ప్రాకారంలో నడుస్తూ మన సీమ రాళ్ళ పక్కనుంచే పోతున్నామని ఎవరనుకుంటారు? తరువాత మన అనంతపురం జిల్లా 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండేది గనుక, చాలా శిల్పాలు ఎగ్మూరులోని మ్యూజియంకు వెళ్ళిపోయాయి. వాటి మీద ఆ మ్యూజియంవారు 1964లో ప్రత్యేకంగా ఒక పుస్తకమే వేశారు. పుట్టింటి నగలు నాలుగిళ్ళలో పంచుకుపోయినట్టయింది. మిగిలినవి హేమావతిలో ఉన్నాయి, పురావస్తు శాఖవారి రక్షణలో. ఇవైనా నిలవడం సగం వారి చేతిలో, సగం మన చేతిలో ఉంది.

ఈమధ్య మేం నలుగురం ఆడవాళ్ళం కలిసి వెళ్ళాం. మాలో ఒకావిడ భర్త పోయి ఆరేళ్ళయింది. ఇద్దరు కొడుకుల ఇళ్ళలోనూ వంట ఆవిడదే. గుళ్ళన్నీ చూసి తిరిగి వస్తూ దారిలో తెలిసినవారింట్లో భోజనానికి ఆగాం. రాగి సంగటి, ఊరిబిండి, పల్చటి మజ్జిగ. ఇంటావిడ "మీరు లేవద్దక్కా, కూర్చోండి" అని మళ్ళీ మళ్ళీ వడ్డించింది. మా ఆవిడ విస్తరి ముందు తల వంచుకుని, "ఒకరు వడ్డిస్తే కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో" అంది మెల్లగా. మేమెవ్వరం ఏమీ అనలేదు. రోజూ అందరికీ అన్నం పెట్టే మనిషికి, అతిథి కావడం ఎంత అవసరమో నాకా వేళ తెలిసింది. అన్నేసి మఠాలు, అన్నేసి సత్రాలు వెయ్యేళ్ళు ఎందుకు నడిచాయో కూడా కొంత బోధపడింది.

అందుచేత నా మనవి ఏమిటంటే, ఏడాదికి ఒక్కసారైనా ఇలాంటి చోటుకి వెళ్ళండి. కానీ అతిథిలా వెళ్ళండి. అతిథికి మర్యాద ఎంత ఉందో బాధ్యతా అంతే ఉంది కదా. పూజ చెయ్యవలసిన విగ్రహానికి పూజారి చేస్తాడు. మనం బయటి శిల్పాలకు పసుపూ కుంకుమా పులమవద్దు, నూనె పొయ్యవద్దు. ఆ జిడ్డు పట్టిందంటే సన్నని చెక్కడం కనపడకుండా పోతుంది. రాతి కిటికీల్లో కర్పూరం వెలిగించవద్దు. పిల్లల చేత మేకుతో పేర్లు చెక్కనివ్వకండి. పొట్లాలూ విస్తళ్ళూ సంచీలో వేసుకుని తిరిగి తెచ్చుకోండి. మన ఇంటికొచ్చిన చుట్టం గోడ మీద గీతలు గీసిపోతే మనం ఊరుకుంటామా?

ఇంకొకటి. రెండు గంటలైనా ఉండేట్టు వెళ్ళండి. పిల్లలను కిటికీ ముందు కూర్చోబెట్టి, తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలితో గాలిలో గీయమనండి. పొద్దు వాలేటప్పుడు సిద్ధేశ్వరుడి ఎదుట పది నిమిషాలు ఏమీ కోరుకోకుండా కూర్చోండి. ఇల్లు గుర్తొస్తుంది, పాలు కాచానా లేదా అని గుర్తొస్తుంది. రానివ్వండి. అదీ పోతుంది. ఆ తరువాత వచ్చే నిశ్శబ్దం కోసమే ఒకప్పుడు ఆ మునులు ఇంత దూరం వచ్చారు.

తన మాట లోకం మరచిపోతుందేమోనని లకులీశుడు మళ్ళీ పుట్టాడట. ఇప్పుడాయన్ను అంత శ్రమ పెట్టనక్కర్లేదు. మనం చూసివచ్చి మన పిల్లలకు నాలుగు మాటలు చెబితే చాలు. ఈసారి బడి సెలవుల్లో ఎక్కడికి వెళదామని ఇంట్లో మాట వచ్చినప్పుడు, హేమావతి పేరు మీరే ముందు అనండి.